మామ్మ గేదె, మా సంఘం ఎన్నికలు

జీవితంలో నేను ఓట్లడిగింది ఒక్కసారే. 1997లో. అదీ పంచాయతీకో, సొసైటీకో కాదు, మా పశువైద్యుల సంఘం జిల్లా అధ్యక్ష పదవికి. ఓటర్లందరినీ కలిపితే రెండు ఆర్టీసీ బస్సుల్లో సర్దేయొచ్చు. అయినా ఆ మూడు నెలలు నేను పడిన టెన్షన్, తర్వాత మా అమ్మాయి పెళ్ళి చేసినప్పుడు కూడా పడలేదు.

ఇప్పుడది ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆ అమ్మాయే మొన్న హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటుగా నిలబడుతోందట. "నాన్నా, నువ్వు అప్పట్లో ఓడిపోయావు కదా, ఎందుకు ఓడిపోయావో చెప్పు. నేను అది చెయ్యకుండా ఉంటాను" అంది. కన్నకూతురు అడిగే తీరు చూడండి! ఫోనులో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పుడు నేను ముమ్మిడివరం దాటాక గౌతమి ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌ని. రెండు గదుల పెంకుటిల్లు మా ఆసుపత్రి. ముందు పశువుల్ని నిలబెట్టి కట్టడానికి సరుగుడు దుంగలతో ట్రెవిస్, పక్కన ఒక నిద్రగన్నేరు చెట్టు. లోపల ఒక బీరువా, అందులో ఉండాల్సిన మందుల్లో సగం. నేను, కాంపౌండరు, అటెండరు. నాకో లూనా. దాని వెనకాల లిక్విడ్ నైట్రోజన్ క్యాను కట్టుకుని ఏటి అవతలి లంకలకి వెళ్ళేవాణ్ణి. నావలో మూత కాస్త కదిలితే చాలు, తెల్లటి పొగ బుసబుసా పైకి వచ్చేది. మైనస్ 196 డిగ్రీల చలి అది. కూలికెళ్ళే ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అవతలి అంచుకి జరిగిపోయేవారు. పిల్లలు మాత్రం దగ్గరికొచ్చి "అందులో పుల్లైసు ఉందాండి?" అని అడిగేవాళ్ళు. లోపలున్నది దున్నపోతు వీర్యమని వాళ్ళకెలా చెప్పను? "ఉందిరా, గేదెలకి" అనేవాణ్ణి.

లంకల్లో నన్ను డాక్టరు గారని పిలిచినంత గౌరవంగా ఇంకెక్కడా పిలవలేదు. అమలాపురంలో ఏ పెళ్ళికో వెళితే పక్క కుర్చీ ఆయన "తమరు ఏం డాక్టరండీ, గుండెకా?" అనేవాడు. పశువుల డాక్టరునని చెప్పగానే "ఓహో, పశువులా" అని అటు తిరిగి ఇంకొకరితో మాట్లాడేవాడు. మా వాళ్ళకి సంఘం ఎందుకు అంటే, సగం కారణం ఆ "ఓహో" అని నా అనుమానం.

1996 నవంబరు 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా తుపాను వచ్చింది. మాకు నీళ్ళంటే భయం తక్కువ. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. అప్పుడు కూడా భద్రాచలంలో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో రేడియోలో వింటూ, మా చుట్టుపక్కల లంకల్లో చాలా పశువుల్ని గట్టు మీదికి తోలగలిగాం. గోదావరి కబురు పెట్టే వస్తుంది. ఈ గాలి అలా కాదు. తుపాను హెచ్చరిక రేడియోలో విన్నాం, వినలేదని కాదు. కానీ ఇలా ఉంటుందని ఎవరనుకున్నారు? సాయంత్రం మొదలైంది, రాత్రంతా కొట్టింది. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే పక్కకి పడుకుని ఉన్నాయి.

మకాముల్లో కట్టుగొయ్యలకి కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. ఆ గాలిలో నేల మీద పాకుతూ వెళ్ళి పలుపులు కోసేసినవాళ్ళవి కొన్ని బతికాయి. మర్నాడు ఎక్కడో రెండు మైళ్ళ అవతల, ఎవరి చేలోనో, మెడకి తెగిన తాడు ముక్కతో బిత్తరపోయి నిలబడి ఉన్నాయి. పదిహేను రోజులు మాకు కళేబరాలు పూడ్చడమే పని. గోతులు తవ్వే మనిషి దొరకడు. సున్నం దొరకదు. బతికిన గేదెలకి రెండు పూటలు పాలు తీసేవాళ్ళు లేక పొదుగులు రాయిలా గట్టిపడ్డాయి. రేకులు కోసుకున్న గాయాల్లో పురుగులు. తడిసి బూజు పట్టిన గడ్డి తప్ప మేత లేదు. ఇంకోపక్క గొంతువాపు రాకుండా టీకాలు. నా గమ్ బూటు ఒకటి చిరిగిపోతే గోనెతాడుతో కట్టుకుని తిరిగాను. ఇప్పటికీ బ్లీచింగ్ పౌడరు వాసన తగిలితే నాకు అన్నం సహించదు.

ఏటి అవతల ఒక లంకలో ఒక మామ్మ ఉండేది. ఊరందరికీ మామ్మే. మొగుడు పోయి చాలా కాలమైంది, కొడుకు ఎక్కడో గల్ఫులో ఉన్నాడు, ఉత్తరం ముక్క లేదు. రెండు గేదెలే ఆవిడ సంసారం. తుపానులో ఒకటి కొట్టుకుపోయింది. రెండోది చూడిది, అరటితోటలో దొరికింది.

నష్టపరిహారం కావాలంటే నా సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ రాయాలంటే నేను కళేబరం చూడాలి. మామ్మ గేదె కళేబరం సముద్రంలో ఉంది. పై అధికారి ఒకాయన్ని అడిగితే "చూడకుండా రాశావంటే రేపు ఆడిట్లో నీ జీతంలోంచి కోస్తారు" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు లెండి. పుట్టని గేదెలు చచ్చిపోయాయని రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నాకు తగిలారు. ఒకాయన ఒకే కళేబరాన్ని చూపించడానికి ముగ్గురు అన్నదమ్ముల పేర్లతో మూడుసార్లు పిలిచాడు. మూడోసారి విరిగిన కొమ్ము గుర్తుపట్టి నాకు అంత కష్టంలోనూ నవ్వొచ్చింది. అయితే వాళ్ళకీ మామ్మకీ తేడా కాగితం మీద ఎలా చూపించాలి? నాకు తెలియలేదు. మామ్మకి కుదరదని చెప్పాను.

"ఏం చెయ్యమంటారు బాబూ, సముద్రానికెళ్ళి తెమ్మంటారా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగింది.

సంక్రాంతి వెళ్ళాక రాజమండ్రిలో మా తిరుపతి బ్యాచ్ వాళ్ళం ఆరుగురం కలిశాం. నేను ఈ సంగతి చెప్పి, సంఘం ఉండి ఏం లాభం, తుపాను మీద ఒక్క తీర్మానం కూడా చెయ్యలేదు అని ఎగిరాను. "అయితే ఈసారి నువ్వే నిలబడరా" అన్నాడొకడు. వద్దన్నాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి వద్దనలేదు. వద్దు వద్దంటూనే విస్తరి ముందుకు జరపడం అంటారే, అదన్నమాట. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "కూరలబ్బాయిని అర్ధరూపాయి తగ్గించమని అడగలేరు, మీరు ఓట్లడుగుతారా?" అంది. అన్నా కూడా ఓటర్లకి పంపిన కార్డులన్నిటి మీదా అడ్రసులు రాసింది ఆవిడే. నా చేతిరాత చూస్తే పోస్ట్‌మ్యాన్ మందు చీటీ అనుకుంటాడని.

అవతల నిలబడింది పరాయివాడు కాదు. తిరుపతి కాలేజీలో నాకు మూడేళ్ళు సీనియరు, హాస్టల్లో నాలుగు గదుల అవతల ఉండేవాడు. శనివారాలు ఆయన గుడ్డు తినడు, ఆ గుడ్డు నాది. అన్నా అనే పిలిచేవాణ్ణి. ఇప్పుడు కాకినాడలో ఆఫీసు ఉద్యోగం. జీవోల నంబర్లు తేదీలతో సహా నోటికి చెప్పగలడు. మాట మెత్తన. ఆయన చొక్కా ఇస్త్రీ మడత సాయంత్రం దాకా నలిగేది కాదు. నా చొక్కా ఉదయం తొమ్మిదికే పేడకంపు. ఆయన గురించి నా లోపల ఒక మాట ఉండేది, ఇప్పుడు దాచుకోవడమెందుకు: పశువుని ముట్టుకోని పశువుల డాక్టరు అని. మా బ్యాచ్ వాళ్ళ దగ్గర అదే ప్రచారం చేశాను కూడా.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన మా ఊరొచ్చాడు. యానాంలో బస్సు దిగి, ఎదుర్లంక రేవు దాటి, ఆటో పట్టుకుని. నన్ను పోటీలోంచి తప్పుకోమని చెప్పడానికి వచ్చాడని చూడగానే తెలిసిపోయింది. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆయన "తమ్ముడూ, ఏకగ్రీవమైతే సంఘానికి బలం..." అని మొదలుపెట్టాడో లేదో, నావ నడిపే కుర్రాడు రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"డాక్టరు గారండీ, మామ్మ గేదె రాత్రి నుంచి నొప్పులు తీస్తందండి. ఏదీ రావట్లేదండి. పడుకోడం లేవడం, పడుకోడం లేవడం."

ఆదివారం, కాంపౌండరు అత్తారింటికి వెళ్ళాడు. నేను సంచీ తీసుకున్నాను. అన్న కాఫీ గ్లాసు కింద పెట్టి "పద, నేనూ వస్తా" అన్నాడు. పాలిష్ చేసిన బూట్లతోనే నావెక్కాడు.

మామ్మ గేదె పాక ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. తోక పక్కకి పెట్టి ముక్కుతోంది, ఒక్క చుక్క ఉమ్మనీరు లేదు. నేను చొక్కా విప్పి భుజం దాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టాను. దారి ఉండాల్సిన చోట దారి లేదు. తడిగుడ్డ పిండితే పడే మడతల్లాగా, కుడివైపుకి తిరుగుతూ మెలిక. గర్భసంచి మెలిక పడింది. గేదెల్లో ఇది మాకు తరచూ ఎదురయ్యేదే. నిండు నెలల్లో దూడ బరువుకి సంచి పక్కకి దొర్లుతుంది, దారి బిగుసుకుపోతుంది, ఆలస్యమైతే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరు. ఆ లంకలో పొట్ట కోసి తీసే మాట లేదు. మిగిలింది దొర్లించడమే.

తెలియనివాళ్ళకి అది వింతగా ఉంటుంది. మెలిక ఎటు తిరిగిందో గేదెని ఆ పక్కకే పడుకోబెట్టాలి. ముందుకాళ్ళు రెండూ, వెనకకాళ్ళు రెండూ విడివిడిగా కట్టాలి. పొట్ట మీద వాలుగా ఒక పొడుగాటి బల్ల వేసి, దాని కింది కొస నేలకి ఆనించి, ఒక మనిషి దాని మీద నిలబడాలి. ఆ బరువుకి లోపల సంచి కదలకుండా ఉంటుంది. అప్పుడు తాళ్ళు పట్టుకుని గేదె ఒంటిని మెలిక తిరిగిన వైపుకే మెల్లగా తిప్పాలి. సంచి ఆగి ఉంటే ఒళ్ళు తిరిగొచ్చి దాన్ని కలుసుకుంటుంది. చెబుతుంటేనే తికమకగా ఉందా? చేసేటప్పుడు ఇంకా ఎక్కువ.

బల్ల ఎక్కడ? ఊళ్ళో తలుపులన్నీ తుపానుకే పోయాయి. నావ కుర్రాడు పరిగెత్తుకెళ్ళి రేవులో నావ ఎక్కడానికి వేసే బల్ల మోసుకొచ్చాడు. దాంతో ఓ గంట సేపు ఆ లంకలో దిగేవాళ్ళంతా మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగాల్సొచ్చింది. ఆ తిట్లు ఇక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి.

వరిగడ్డి పరిచి, తాడు చుట్టి లాగితే గేదె కుడిపక్కకి కూలబడింది. ఒకడు తల పట్టుకున్నాడు, నలుగురు తాళ్ళు. బల్ల మీద నిలబడ్డానికి బరువైన మనిషి కావాలి. అందరం అన్న వైపు చూశాం. ఆయన బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో పెట్టి, ప్యాంటు రెండు మడతలు పెట్టి, కళ్ళజోడు మామ్మ చేతికిచ్చి బల్లెక్కాడు.

ఒకసారి తిప్పాం. చెయ్యి పెట్టి చూశాను, మెలిక అలాగే ఉంది. మళ్ళీ సర్ది పడుకోబెట్టి రెండోసారి తిప్పాం. అలాగే ఉంది. నాకు చెమటలు పట్టాయి. గేదె మూలుగు సన్నబడుతోంది. మూడోసారి తాళ్ళు పట్టుకోమని అంటుండగా అన్న "ఆగు" అన్నాడు. "బల్ల కొస నేలకి ఆనట్లేదు తమ్ముడూ. గడ్డి మీద ఉంది. నేను ఊగుతున్నాను, నాతోపాటు లోపల సంచీ ఊగుతోంది. గడ్డి తీసేయండి, కొస కింద గొయ్యి చెయ్యండి."

చేశాం. ఆయన బల్ల మీద రెండు అడుగులు పైకి జరిగి, పొట్ట మీద ఎక్కడ నొక్కాలో అరికాలితో తడిమి చూసుకుని నిలబడ్డాడు. మెల్లగా తిప్పాం. ఈసారి చెయ్యి పెట్టకముందే తెలిసింది. బకెట్టు బోర్లించినట్టు ఉమ్మనీరు దూకి నా లుంగీ అంతా తడిపేసింది. లోపల వేళ్ళకి చిన్న గిట్టలు రెండు తగిలాయి. ఒకటి వెనక్కి లాక్కుంది. బతికుంది!

తర్వాతదంతా మామూలే. ముక్కులో గడ్డిపరక పెడితే దూడ తుమ్మింది. మామ్మ కళ్ళజోడు ఇంకా చేతిలో పట్టుకునే వంగి తోక ఎత్తి చూసి, "పెయ్యే" అంది. ఆ తర్వాతే ఏడిచింది.

బొండాలు కొట్టించి ఇస్తూ అన్నని చూసి, "మీరు మా డాక్టరు గారి కొత్త కాంపౌండరాండి?" అంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన మాత్రం తొణక్కుండా "ఆయ్, అవునండి" అన్నాడు. దాంతో మామ్మ చనువుగా కూర్చుని సముద్రంలోకి పోయిన గేదె కథంతా చెప్పింది. ఆయన నాలాగా అయ్యో అనలేదు. ప్రశ్నలడిగాడు.

"పాలు ఎక్కడ పోస్తారు మామ్మా?"

"పాలకేంద్రానికండి."

"పుస్తకం ఉందా?"

చూరులో ప్లాస్టిక్ సంచిలో చుట్టి దోపిన పుస్తకం తెచ్చింది. తడిసి ఉబ్బింది గానీ అంకెలు కనిపిస్తున్నాయి. అన్న వేలు పెట్టి చూపించాడు. నవంబరు 5 దాకా రోజూ పోసిన పాలున్నాయి. ఆ తర్వాత ఒక్క అంకె లేదు. "ఈ గేదె అప్పటికి వట్టిపోయి ఉంది, చూడిది కదా. మరి ఈ పాలు ఎవరివి? ఆ రెండో గేదెవి. నవంబరు 6 తర్వాత ఎందుకు ఆగిపోయాయి?" అని, నా వైపు తిరిగి మామూలుగా అడిగాడు: "ఆ గేదెకి చూడి కట్టడానికి సూది ఎవరు వేశారు?"

"నేనే."

"అయితే నీ రిజిస్టర్లో ఉంటుందిగా. రైతు పేరు, గేదె రంగు, కొమ్ములు, తేదీ, అన్నీ నీ చేత్తో రాసినవే. నీ దగ్గరే సాక్ష్యం పెట్టుకుని కళేబరం కోసం సముద్రం వైపు చూస్తావేమిటయ్యా?"

మూడు నెలలుగా ఆ రిజిస్టరు నా బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టేవాణ్ణి. నావలో తిరిగొస్తుంటే నాకు మాట రాలేదు. తప్పుకోమని ఆయనా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మామ్మ జున్నుపాలు పంపింది. ఒక చెంబు నాకు, ఒక టిఫిన్ క్యారేజీ "కాంపౌండరు గారికి". ఇరుకున పడ్డాను. పారబొయ్యలేను, నేనే తాగేశానని చెప్పలేను. మా ఆవిడ బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి జున్ను వండి క్యారేజీ నా చేతిలో పెట్టింది. ప్రత్యర్థికి జున్ను మోసుకుంటూ ఎదుర్లంక రేవు దాటి యానాం మీదుగా కాకినాడ వెళ్ళిన అభ్యర్థిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. యానాంలో మా బ్యాచ్ వాడొకడు కనిపించాడు. వాడు యానాం ఎందుకొచ్చాడో అందరికీ తెలిసిందే, అప్పుడు మన వైపు మద్యనిషేధం, అక్కడ మందు దొరికేది. "ప్రచారానికా?" అన్నాడు. అవునన్నాను.

ఆ సాయంత్రం అన్న ఇంట్లో భోజనాల బల్ల మీద ఇద్దరం కలిసి వినతిపత్రం రాశాం. కళేబరం దొరకని చోట కృత్రిమ గర్భధారణ రిజిస్టరు, పాల పుస్తకం, ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలం తీసుకుని సర్టిఫికెట్ ఇవ్వడానికి అనుమతించాలని. నేను రెండు పేజీలు రాస్తే ఆయన దాన్ని పదకొండు లైన్లు చేశాడు. తుపాను రాత్రి గురించి నేను రాసిందంతా కొట్టేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. "ఇది చదివేవాడు ఏడవక్కర్లేదు తమ్ముడూ, సంతకం పెడితే చాలు" అన్నాడు. వదినగారు ఖాళీ క్యారేజీ తిరిగివ్వకూడదని నిండా కాజాలు పెట్టి పంపింది.

మరి అప్పుడే తప్పుకోవచ్చు కదా అంటారా? నామినేషన్ వేసేశాను. మా బ్యాచ్ వాళ్ళు ఊరుకోరు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి కాస్త రుచి తగిలింది.

మార్చి అంతా తిరిగాను. భుజం దాకా గేదెలో చెయ్యి పెట్టడం నాకు సిగ్గనిపించదు గానీ, ఒక మనిషి ముందు నిలబడి "నాకు ఓటెయ్యండి" అనడానికి నోరు పెగిలేది కాదు. చూడి గేదెల గురించి, గాలికుంటు గురించి గంట మాట్లాడి, లేచేటప్పుడు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ "అన్నట్టు, ఎన్నికలున్నాయి కదా" అనేవాణ్ణి. రంపచోడవరం వైపు వెళితే అక్కడి కుర్ర డాక్టరు మలేరియా వచ్చి లేచి కూర్చుని ఉన్నాడు. అతనికి కావలసింది ఒక్కటే, మైదానానికి బదిలీ. అనపర్తి, మండపేట వైపు కోళ్ళ ఫారాల్లో పనిచేసే మావాళ్ళకి ప్రభుత్వ డాక్టర్ల గొడవలే పట్టవు. వాళ్ళ టెన్షన్ అంతా కొక్కెర రోగం, గుడ్డు రేటు. పెద్దవాళ్ళకి ప్రమోషన్లు. అందరికీ కలిపి మనుషుల డాక్టర్లతో సమానంగా జీతం. నేను ప్రతి ఇంట్లోనూ చెప్పింది మాత్రం తుపాను, కళేబరాలు, మామ్మ. వాళ్ళు మర్యాదగా విన్నారు. కొందరి కళ్ళలో నీళ్ళు కూడా చూశాను. ఓట్లు పడిపోయినట్టే అనుకున్నాను. ఆ మలేరియా కుర్రాణ్ణి "ఎన్నేళ్ళయిందయ్యా ఇక్కడ?" అని కూడా అడగలేదు నేను. అన్న అడిగాడట. అడిగి, తేదీ డైరీలో రాసుకున్నాడట.

మా అమ్మాయికి ఫోనులో చెప్పింది ఇదే. "అయితే నేను సోలార్ ప్యానెళ్ళ గురించి మానేసి లిఫ్టు గురించి అడుగుతాను" అంది. తెలివైనదే.

ఇంకో సంగతి. ఓట్లున్నవాళ్ళెవరికీ నా పని తెలియదు, నా పని తెలిసినవాళ్ళెవరికీ ఓట్లు లేవు. లంకల్లో వాళ్ళకి నేను గెలవడం అసలు ఇష్టం లేదు. "నెగ్గితే కాకినాడ వెళ్ళిపోతారాండి?" అని రోజుకొకరు అడిగేవారు. వెళ్ళనని చెప్పినా నమ్మేవారు కాదు. నేను ఓడిపోవాలని మామ్మ పలివెల కొప్పేశ్వరుడికి మొక్కుకుందని తర్వాత తెలిసింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం కాకినాడలో సర్వసభ్య సమావేశం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. అభ్యర్థులు అయిదేసి నిమిషాలు మాట్లాడాలి. నేను లేచి మళ్ళీ తుపానుతోనే మొదలుపెట్టి, అయిదు నిమిషాలు అయిపోయేసరికి ఇంకా గాలి దగ్గరే ఉన్నాను. అన్న మాత్రం ముసర వ్యాధితో మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఊళ్ళకి ఊళ్ళు పశువుల్ని ఊడ్చేసిన రోగం, దేశమంతా టీకాలు వేసి దాదాపు తుడిచేస్తున్నాం, మశూచి తర్వాత భూమ్మీద నుంచి పోయే రెండో రోగం ఇదే కావచ్చు, అది చేస్తున్నది మనం, అని నెమ్మదిగా చెప్పాడు. హాల్లో అందరూ నిటారుగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎండలో గ్రామాలు తిరిగి ఆ టీకాలు వేసినవాళ్ళమే అందరం, కానీ మాకెవరూ అలా చెప్పలేదు. (ఆయన మాట నిజమే అయింది. 2006లో మన దేశానికి, 2011లో ప్రపంచం మొత్తానికి ముసర వ్యాధి లేదని ప్రకటించారు. 2011లో పేపర్లో చదివి ఆయనకి ఫోన్ చేశాను. ఫోనులో ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, ఎక్కువ భాగం హాస్టల్ మెస్ గురించే.)

వినతిపత్రం సంగతి కూడా చెప్పేస్తాను. అది ఎన్ని బల్లలు తిరిగిందో గానీ శ్రావణమాసంలో మామ్మకి డబ్బు చేతికొచ్చింది. ఎంతో చెప్పను. ఆ డబ్బుకి గేదె కాదు కదా, పలుపుతాడుతో సహా ఒక దూడ వచ్చి ఉంటే గొప్ప.

ఓట్లు లెక్కపెట్టారు. ఇరవై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాను. నా ఓటు ఎవరికి వేశానో ఇప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు.

దండలు, ఫోటోలు అయ్యాక, భోజనాలకి లేస్తుంటే అన్న మెడలో దండలతోనే జనాన్ని తప్పించుకుని నా దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా నిండా బంతిరేకులు. ఏదో ఓదారుస్తాడు, ఏం సమాధానం చెప్పాలా అని నేను వెతుక్కుంటున్నాను.

"మామ్మ గేదె ఎలా ఉంది?" అన్నాడు.

"నిన్న పొద్దున్నే ఎదకొచ్చిందన్నా. సూది వేసే వచ్చాను."

"ఈ ఎండల్లోనా! గేదె ఈ కాలంలో ఎదకి రావడమే గొప్ప. నిలుస్తుందంటావా?"

"ఇరవై ఒక్క రోజులు చూడాలి కదా" అన్నాను. ఆయన జేబులోంచి డైరీ తీసి తేదీ రాసుకున్నాడు.